ఎక్స్‌ప్రెస్ లేన్‌లోకి ఎవరు రావచ్చు, ఎక్కడ రావచ్చు: స్పీడ్ తేలేది అక్కడే

2000 జనవరి 1న లాస్ ఏంజెలెస్‌లో బస్సులకీ, కలిసి ప్రయాణించేవాళ్ళ కార్లకీ విడిగా కేటాయించిన ఎల్ మాంటే బస్‌వే లేన్ మీద ఒక్క అంకె మారింది. అప్పటిదాకా ఆ లేన్‌లోకి రావాలంటే కారులో ముగ్గురు ఉండాలి, రాష్ట్ర చట్టం మార్చేసి ఇద్దరుంటే చాలన్నారు. రోడ్డు మీద ఒక్క పని కూడా చెయ్యలేదు, లేన్ అదే, బస్సులూ అవే. అయినా పొద్దున రద్దీ టైంలో 65 మైళ్ళ స్పీడ్‌లో పోయే లేన్ 20 మైళ్ళకి పడిపోయింది. గంటకి వెళ్ళే బళ్ళు సుమారు 1,100 నుంచి 1,600కి పెరిగాయి గానీ వాటిలో వెళ్ళే మనుషులు మాత్రం 5,900 నుంచి 5,200కి తగ్గారు, ఎందుకంటే నిండా జనంతో వచ్చే బస్సులు కూడా అదే జామ్‌లో ఇరుక్కున్నాయి, పైగా కార్లవాళ్ళకి మూడో మనిషిని ఎక్కించుకునే అవసరమే లేకుండా పోయింది. పోనీ పక్కనున్న మామూలు లేన్లన్నా ఖాళీ అయ్యాయా అంటే అదీ లేదు, అక్కడ స్పీడ్ 25 నుంచి 23కి దిగింది. ఏడు నెలలు తిరక్కుండానే, జులైలో, రద్దీ గంటల వరకు మళ్ళీ ముగ్గురు రూల్ తెచ్చారు.

అదే కారిడార్ 2013 ఫిబ్రవరి నుంచి ఐ-10 అనే హైవే మీది ఎక్స్‌ప్రెస్ లేన్స్ అయింది, ఒక్కరే వెళ్ళేవాళ్ళు కూడా టోల్ కట్టి రావచ్చు. అమెరికాలో ఇలాంటి లేన్లు ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నాయి, వాటి గురించి ఎక్కడ చర్చ జరిగినా మొత్తం టోల్ రేటు చుట్టూనే తిరుగుతుంది, ఇవాళ ఎంత అయింది, అంత ఎందుకు పెంచారు, డబ్బున్నవాళ్ళకేనా అని. ఆ ప్రశ్నలు తప్పని కాదు. కానీ రేటు రంగంలోకి దిగేసరికే సగం కథ అయిపోయి ఉంటుంది. లోపలికి ఎవరికి ఫ్రీ, ఎక్కడ ఎక్కాలి ఎక్కడ దిగాలి, ఏ టైంలో రూల్ వర్తిస్తుంది, ఈ మూడూ తేల్చేశాక మిగిలిన కాస్త జాగాని మాత్రమే రేటు అమ్ముతుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒంటరి ఎక్స్‌ప్రెస్ లేన్ మంచి స్పీడ్ పోకుండా గంటకి సుమారు 1,600 బళ్ళు మొయ్యగలదు అనుకుందాం. ఫ్రీగా వచ్చే కార్‌పూళ్ళు, అంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళే కార్లు, 900 ఉంటే ఇంకో 700 మందికి అమ్మొచ్చు, రేటు అటూ ఇటూ కదిపి ఆ 700ని కంట్రోల్ చెయ్యొచ్చు. ఫ్రీ బళ్ళు 1,400 అయితే అమ్మకానికి మిగిలేది 200, ఇక రేటు భయంకరంగా పెరుగుతుంది, జనం తిట్టుకుంటారు. ఫ్రీ బళ్ళే 1,700 వచ్చాయా, టోల్ వంద డాలర్లు పెట్టినా ఆ లేన్ జామ్ అవుతుంది, ఎందుకంటే ఆ వంద డాలర్లు జామ్ చేస్తున్నవాళ్ళకి అసలు తగలదు. జామ్ అయ్యాక ఇంకో దెబ్బ కూడా ఉంది, స్పీడ్ పడిపోయిన లేన్ ముందు మోసినన్ని బళ్ళు కూడా మొయ్యలేదు. అంచు దాటిన తర్వాత వెనక్కి రావడానికి చాలా టైం పడుతుంది, అందుకే ఈ లేన్లు నడిపేవాళ్ళు అంచుకి చేరకముందే రేటు పెంచడం మొదలుపెడతారు.

హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే ఈ పాఠం ఎనభైల్లోనే నేర్చుకుంది. 1984లో ఆ లేన్ బస్సులకి, వ్యాన్‌పూళ్ళకి మాత్రమే తెరిచారు, లేన్ ఖాళీగా కనిపిస్తోందని నలుగురున్న కార్లని, తర్వాత ముగ్గురున్నవాటిని, 1986కల్లా ఇద్దరున్నవాటినీ రానిచ్చారు. అంతే, నిండిపోయింది. 1988లో పొద్దున రద్దీ టైంకి మళ్ళీ ముగ్గురు రూల్ పెట్టాల్సి వచ్చింది, పెడితే ఇప్పుడు లేన్‌లో జాగా మిగిలిపోయింది. ఇద్దరుంటే పొంగుతుంది, ముగ్గురంటే వెలితిగా ఉంటుంది, మధ్యలో రెండున్నర అనే రూల్ పెట్టలేరు కదా. 1998లో దానికి దారి దొరికింది, ఇద్దరున్న కార్లు రెండు డాలర్లు కడితే రద్దీ టైంలో కూడా రావచ్చన్నారు. టోల్ అనేది నిజంగా పనికొచ్చే చోటు ఇదే, రెండు మొరటు రూల్స్ మధ్య మిగిలిపోయిన ఖాళీని సన్నగా నింపడానికి.

ఎవరు రావచ్చు అన్నది కాస్త తేలికగా అర్థమయ్యే విషయం. ఎక్కడ రావచ్చు అన్నదే అసలు చిక్కుముడి, దాని గురించి బయట మాట్లాడేవాళ్ళు తక్కువ. మోటుగా చూస్తే మూడు రకాలు. ఒకటి, పక్క లేన్‌కి దీనికి మధ్య మామూలు తెగిన తెల్ల గీతే ఉంటుంది, ఎక్కడైనా దూరొచ్చు, ఎక్కడైనా బయటికి పోవచ్చు. రెండోది జంట తెల్ల గీతలు వేసి కొన్ని చోట్ల మాత్రమే తెరిచి ఉంచుతారు. మూడోది ప్లాస్టిక్ పోల్స్ గానీ కాంక్రీటు గోడ గానీ పెట్టేస్తారు, లోపలికి వచ్చాక తర్వాతి దారి వచ్చేదాకా బయటపడే మార్గం లేదు.

ఎక్కడైనా దూరొచ్చు అనే పద్ధతి డ్రైవర్‌కి బాగా నచ్చుతుంది, ముందు జామ్ కనిపించగానే పక్కకి జరిగి టోల్ లేన్ ఎక్కేస్తాడు. సమస్య ఏంటంటే పక్క లేన్ 15 మైళ్ళలో పాకుతుంటే ఇది 60లో పోతోంది, 15లో ఉన్న కారు ఇటు దూరి 60కి అందుకోవాలంటే కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కొన్ని సెకన్లు వెనక వచ్చేవాడు బ్రేక్ మీద కాలేస్తాడు, వాడి వెనకవాడు ఇంకాస్త గట్టిగా వేస్తాడు, ఆ బ్రేకుల అల వెనక్కి ప్రయాణిస్తూ పోతుంది. రెండు మూడు కార్లు అలా వెంట వెంటనే దూరితే అల కలిసిపోయి లేన్ ఆగిపోతుంది. అసలు ఎవరూ దూరకపోయినా కూడా స్పీడ్ తగ్గుతుంది, ఎందుకంటే పక్కన ఆగిన కార్ల వరస పక్క నుంచి 65లో పోవాలంటే ఎవరికైనా భయమే, ఏ క్షణాన ఎవడు అడ్డం వస్తాడో తెలియదు కాబట్టి అందరూ కాస్త కాలు తీసేస్తారు. మధ్యలో గోడ లేని లేన్ తన స్పీడ్‌ని పక్క లేన్ నుంచి అరువు తెచ్చుకుంటుందని చెప్పొచ్చు.

దీనికి కాలిఫోర్నియాలో దొరికిన రుజువు చాలా ముఖ్యమైనది. 2005 నుంచి అక్కడ హైబ్రిడ్ కార్లకి పసుపు స్టిక్కర్ ఇచ్చి ఒక్కరే ఉన్నా కార్‌పూల్ లేన్‌లోకి రానిచ్చారు, మొత్తం 85,000 స్టిక్కర్లు, 2011 జులై 1తో ఆ సౌకర్యం ఆపేశారు. కార్‌పూల్ లేన్ నుంచి అన్ని కార్లు తీసేస్తే అది ఇంకా వేగంగా పోవాలి అని ఎవరైనా అనుకుంటారు. బర్క్‌లీలోని యూనివర్సిటీ పరిశోధకులు శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో చూస్తే తేలింది దానికి రివర్స్, కార్‌పూల్ లేన్ కూడా నెమ్మదించింది, 15 శాతం దాకా. ఆ హైబ్రిడ్లు పక్క లేన్లలోకి వెళ్ళి వాటిని ఇంకా జామ్ చేశాయి, పక్క లేన్లు జామ్ అయ్యేసరికి కార్‌పూల్ లేన్‌లోవాళ్ళు కూడా భయంతో స్పీడ్ తగ్గించారు. అంటే ఎవరు రావచ్చు అనే రూల్ మార్చితే ఫలితం ఎటు పోతుందన్నది ఎక్కడ రావచ్చు అనే రూల్ మీద ఆధారపడి ఉంది. రెండిటినీ విడివిడిగా చూసి నిర్ణయాలు తీసుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి, అయినా ఇప్పటికీ ఒకదాన్ని చట్టసభలో, ఇంకోదాన్ని ఇంజినీర్ల టేబుల్ మీద వేరు వేరుగానే తేలుస్తున్నారు.

మరి గోడ కట్టేస్తే సరిపోతుందా? కాలిఫోర్నియాలోనే ఆరెంజ్ కౌంటీలో ఎస్‌ఆర్-91 హైవే మీద ఎక్స్‌ప్రెస్ లేన్స్ 1995 డిసెంబర్‌లో తెరిచారు, టైంని బట్టి టోల్ మారే పద్ధతి అమెరికాలో మొదట వచ్చింది అక్కడే. పది మైళ్ళ పొడవు, ప్రతి వైపు రెండు లేన్లు, మధ్యలో ప్లాస్టిక్ పోల్స్, ఈ చివర ఎక్కితే ఆ చివర దిగాలి, మధ్యలో ఏమీ లేదు. లేన్లు రెండు కాబట్టి ముందు నెమ్మదిగా పోయేవాడు దొరికినా దాటిపోవచ్చు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పెద్ద తేడా, ఒంటరి లేన్‌లో ఒక్క నిదానస్తుడు ముందుంటే వెనక యాభై కార్లు వాడి స్పీడే. పైగా అక్కడ ముగ్గురున్న కార్లకి కూడా సాయంత్రం 4 నుంచి 6 దాకా తూర్పు వైపు పూర్తి ఫ్రీ లేదు, సగం టోల్ కట్టాలి. బాగా ఆలోచించి పెట్టిన రూల్ అది, కార్‌పూల్‌కి గౌరవం ఇస్తూనే అతి రద్దీ గంటల్లో తలుపు బార్లా తెరవకుండా ఆపుతుంది. రెండు లేన్లు కలిపి గంటకి 3,400 బళ్ళు అనేది వాళ్ళు పెట్టుకున్న హద్దు, ట్రాఫిక్ దాని దగ్గరికి వస్తే ఆ గంట రేటు పెంచుతారు.

దీనికి కట్టిన ధర కూడా ఉంది. మధ్యలో ఇల్లో ఆఫీసో ఉన్నవాళ్ళకి ఆ పది మైళ్ళ లేన్ ఉన్నా లేనట్టే. 2017 మార్చిలో రివర్‌సైడ్ కౌంటీలోకి పొడిగించినప్పుడు కౌంటీ సరిహద్దు దగ్గర ఎక్కి దిగే చోటు ఒకటి పెట్టక తప్పలేదు, గోడ ఉన్న రోడ్డు మీద ఒకే ఒక్క చోటు తెరిస్తే లేన్ మారాలనుకునేవాళ్ళంతా అక్కడికే వచ్చి పడతారు. తెరిచిన కొత్తల్లో మామూలు లేన్లలో వెళ్ళే కరోనా అనే ఊరివాళ్ళ నుంచి జామ్ ఎక్కువైందని గట్టిగానే ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత ఆ సరిహద్దు ప్రాంతంలో పడమర వైపు ఒక మామూలు లేన్ అదనంగా వేశారు.

ఈ తెరిచిన చోట్ల జామెట్రీ కాస్త ఆగి చూడాలి. కుడి వైపు ర్యాంప్ నుంచి ఫ్రీవే ఎక్కిన కారు ఎడమ చివర ఉన్న ఎక్స్‌ప్రెస్ లేన్ చేరాలంటే మధ్యలో నాలుగు లేన్లు దాటాలి. ఒక్కో లేన్ మారడానికి సుమారు 800 అడుగులు కావాలని కాలిఫోర్నియాలో లెక్క వేస్తారు, నాలుగంటే 3,200 అడుగులు, అర మైలు పైనే. తెరిచిన చోటు అంతకంటే దగ్గర పెడితే కార్లు ఒక్కసారిగా అడ్డం కోసుకుంటూ వస్తాయి, నాలుగు లేన్లూ నెమ్మదిస్తాయి, ఆ పాపం టోల్ లేన్ పేరు మీద పడదు కానీ కారణం అదే. మరీ దూరం పెడితే ఆ ర్యాంప్ వాడేవాళ్ళకి లేన్ పనికిరాదు. ఖర్చు పెట్టగలిగితే దీనికి అసలైన మందు డైరెక్ట్ ర్యాంపులు, శాన్ డియేగో ఐ-15 మీద ట్రాన్సిట్ సెంటర్ల నుంచి, అంటే బస్సు స్టేషన్ల నుంచి, నేరుగా మధ్య లేన్లలోకే ఎక్కేలా కట్టారు, బస్సు మామూలు లేన్లని ముట్టుకోకుండానే లోపలికి వచ్చేస్తుంది. బస్సుల విషయంలో ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

మిన్నియాపోలిస్‌లో రెండు పద్ధతులూ ఒకే ఊళ్ళో పక్కపక్కన కనిపిస్తాయి. 2005లో ఐ-394 మీద టోల్ లేన్ మొదలుపెట్టినప్పుడు చాలా భాగం జంట గీతలతో మూసి, అక్కడక్కడా తెరిచారు, గోడ లేకుండా కేవలం గీతతో టోల్ లేన్ నడపొచ్చని దేశానికి చూపించింది ఆ రోడ్డే. 2009లో ఐ-35డబ్ల్యూ వచ్చేసరికి ఆలోచన మారింది, ఎక్కువ భాగం తెరిచే ఉంచి ప్రమాదం అనిపించిన చోట్ల మాత్రం మూశారు. సియాటిల్ దక్షిణాన ఎస్‌ఆర్-167 కూడా అదే దారిలో పోయింది, 2008లో జంట గీతలతో తెరిచి 2014లో వాటిని తీసేసి ఎక్కడైనా దూరేలా చేశారు. ట్రాఫిక్ మధ్యస్థంగా ఉన్న చోట ఇది సరైన దారే అనిపిస్తుంది, ఎందుకంటే లేన్ మారడాలు మైళ్ళ పొడవునా పలచగా చెదిరిపోతాయి, ఒక్క చోట గుమిగూడవు, జాగా ఉన్నప్పుడు జనం వాడుకుంటారు. పక్క లేన్లు రోజూ గంటల తరబడి ఆగిపోయే రోడ్డు మీద మాత్రం ఇదే పద్ధతి పెడితే ఆ అరువు స్పీడ్ గొడవ మొదలవుతుంది.

తెరిచి ఉంచితే టోల్ వసూలుకీ చిక్కే. గోడ ఉంటే కారులోని టోల్ ట్యాగ్ చదివే రీడర్ ఎక్కే చోట ఒకటి, దిగే చోట ఒకటి చాలు. ఎక్కడైనా దూరొచ్చంటే దారి పొడవునా గ్యాంట్రీలు, అంటే రీడర్లు బిగించి రోడ్డు పైన అడ్డంగా కట్టే కమానులు, దగ్గర దగ్గరగా పెట్టాలి, లేకపోతే గ్యాంట్రీ వచ్చే ముందు పక్కకి జరిగి దాటాక మళ్ళీ లోపలికొచ్చేవాళ్ళు తయారవుతారు, డబ్బులు ఎగ్గొట్టడం ఒక ఎత్తైతే ఆ జరగడాల వల్ల అదనంగా రెండు సార్లు లేన్ మార్పు, రెండు సార్లు బ్రేకుల అల. మూసి ఉన్న చోట్ల ఇంకో రకం, మయామి ఐ-95 మీద ప్లాస్టిక్ పోల్స్ మధ్యలోంచి కార్లు దూకించడం ఎంత మామూలైందంటే దానికి లేన్ డైవింగ్ అని పేరే పడింది. లోపల వెనక నుంచి 60లో వచ్చేవాడు అక్కడ కారు వస్తుందని కలలో కూడా అనుకోడు. రూల్‌ని పాటించేలా రోడ్డు కట్టకపోతే రూల్ లేని లేన్ కంటే అది ఎక్కువ ప్రమాదం.

ఇవన్నీ కలిసి ఒకే రోడ్డు మీద చూడాలంటే సియాటిల్ పక్కన ఐ-405. 2015 సెప్టెంబర్ 27న బెల్వ్యూ నుంచి లిన్‌వుడ్ దాకా 17 మైళ్ళు తెరిచారు, అంతకు ముందు ఇద్దరున్న కార్లకి ఫ్రీగా ఉన్న లేన్ రద్దీ గంటల్లో ముగ్గురికి మారింది, జంట గీతలు వచ్చాయి, టోల్ 75 సెంట్ల నుంచి 10 డాలర్ల దాకా. మొదటి నెలల్లో జనం కోపం మామూలుగా లేదు. 2016 మార్చిలో రాత్రుళ్ళూ వీకెండ్లూ టోల్ తీసేశారు, కొన్ని చోట్ల ఎక్కి దిగే జాగాలు పొడిగించారు. దక్షిణ భాగంలో రెండు ఎక్స్‌ప్రెస్ లేన్లు ఉన్నాయి, అక్కడ బాగానే నడిచింది, బోతెల్ దాటాక ఒకటే లేన్ అయ్యే ఉత్తర భాగం మాత్రం పదే పదే కుప్పకూలింది. అదే రూల్స్, అదే రేటు బోర్డు, అదే డ్రైవర్లు. 10 డాలర్ల సీలింగ్, అంటే రేటు దాటకూడని హద్దు, తగిలాక రేటుకి ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, బోర్డు మీద 10 కనిపిస్తుంటే లోపల జామ్, డబ్బు కట్టినవాళ్ళకి అంతకంటే అన్యాయం ఉండదు. 2024 మార్చిలో సీలింగ్ 15 డాలర్లు చేశారు. సీలింగ్ అనేది న్యాయం కోసం పెట్టేదే, ఆ ఉద్దేశం మంచిదే, కానీ సీలింగ్ తగిలే రోడ్డు మీద ఫ్రీ పాస్ రూల్‌నో ఎక్కే చోట్లనో ముట్టుకోకుండా సీలింగ్‌నే తిట్టుకుంటూ కూర్చుంటే జామ్ తగ్గదు.

రేటు మీద అంత నమ్మకం పెట్టుకోకూడదనడానికి ఇంకో కారణం, డ్రైవర్లు రేటుని సిగ్నల్‌లా చదువుతారు. మిన్నెసోటాలో చేసిన ఒక స్టడీలో టోల్ పెరిగినప్పుడు లేన్‌లోకి వచ్చేవాళ్ళు ఇంకా పెరిగారని తేలింది, బోర్డు మీద పెద్ద అంకె చూసి ముందు భారీ జామ్ ఉందన్నమాట అనుకుని టోల్ లేన్ ఎక్కేస్తున్నారు. చాలా పెద్ద మొత్తం అయితే తప్ప ఆ అంకె మనిషిని ఆపదు. వాషింగ్టన్ డీసీ బయట ఐ-66 మీద 2017 డిసెంబర్‌లో సీలింగ్ లేకుండా మొదలుపెట్టారు, మొదటి రోజే 34.50 డాలర్లు కనిపించి దేశమంతా వార్త అయింది. ఆ వార్తల్లో చాలామంది వదిలేసిన సంగతి ఒకటుంది, అంతకు ముందు రద్దీ గంటల్లో ఆ దారిలో ఒక్కరే ఉన్న కారుకి మామూలుగా ప్రవేశం లేదు, ఇద్దరుంటే ఫ్రీ, మిగతావాళ్ళు వేరే దారి చూసుకోవాలి. అంటే టోల్ అక్కడ మూసిన తలుపుని తెరిచింది, కానీ లోపల ఫ్రీ కార్‌పూళ్ళతోనే చాలా జాగా నిండిపోయి ఉంది కాబట్టి మిగిలిన కాస్తకి ఆ ధర పలికింది. 2022 డిసెంబర్‌లో అక్కడ కూడా ఇద్దరి రూల్ పోయి ముగ్గురి రూల్ వచ్చింది.

ముగ్గురి రూల్ అందరికీ కుదరదు, అది ఒప్పుకోవాల్సిందే. మొగుడూ పెళ్ళాం కలిసి ఆఫీసుకి వెళ్తే రూల్ మారిన రోజు నుంచి టోల్ కట్టాలి. అట్లాంటాలో ఐ-85 మీద 2011 అక్టోబర్‌లో ఇదే జరిగితే ఆ కోపానికి కొద్ది రోజుల్లోనే గవర్నర్ రేట్లు తగ్గించమన్నాడు. అయినా నిండిపోయిన లేన్ మీద ఇద్దరికి ఫ్రీ ఉంచడం అంటే వెనకున్న బస్సులో నలభై మందిని ఆపి ముందున్న కారులో ఇద్దరిని సంతోషపెట్టడమే, ఎల్ మాంటే లెక్కలు చూశాక దాన్ని సమర్థించడం కష్టం.

కేంద్ర చట్టం కూడా దీని మీద ఒక గీత గీసింది. ఫెడరల్ రూల్ ప్రకారం ఇలాంటి లేన్‌లో రద్దీ టైంలో 90 శాతం సార్లు కనీసం 45 మైళ్ళ సగటు స్పీడ్ ఉండాలి, 180 రోజుల లెక్కలో అది తప్పితే లేన్ దెబ్బతిన్నట్టు లెక్క, రాష్ట్రం ఏదో ఒకటి చెయ్యాలి, మనుషుల సంఖ్య పెంచడమో టోల్ పెంచడమో ఫ్రీ బళ్ళని తగ్గించడమో. కాలిఫోర్నియా కార్‌పూల్ లేన్లలో సగానికి పైగా మైళ్ళు ఈ పరీక్షలో తప్పిన సంవత్సరాలు ఉన్నాయి. గీత మంచిదే గానీ అది లేన్ లోపలి స్పీడ్‌నే చూస్తుంది, పక్క లేన్లకి ఏమైందో చూడదు, గంటకి ఎంతమంది మనుషులు దాటారో చూడదు. ఎక్కే చోటు తప్పు జాగాలో పెట్టి నాలుగు మామూలు లేన్లని పాడుచేసిన రోడ్డు కూడా ఈ పరీక్ష పాసవ్వొచ్చు.

2025 సెప్టెంబర్ 30తో ఎలక్ట్రిక్ కార్లకి ఒక్కరే ఉన్నా ఈ లేన్లలోకి రావడానికి ఉన్న ఫెడరల్ అనుమతి ముగిసిపోయింది. కాలిఫోర్నియాలో స్టిక్కర్లు ఉన్న కార్లన్నీ ఇప్పుడు టోల్ కట్టడమో, ఇంకొకరిని ఎక్కించుకోవడమో, మామూలు లేన్లలోకి పోవడమో చెయ్యాలి. లేన్‌లో జాగా వచ్చింది కాబట్టి స్పీడ్ పెరుగుతుందని లెక్కలు వేసేవాళ్ళు 2011 హైబ్రిడ్ల సంగతి ఒకసారి తిరగెయ్యాలి. ఎస్‌ఆర్-91 లాంటి పోల్స్ ఉన్న రోడ్డు మీద పక్క లేన్ ఎంత నెమ్మదించినా లోపల పెద్దగా అంటదు, ఖాళీ అయిన జాగా నిజంగానే లాభం. తెగిన గీత మాత్రమే ఉన్న రోడ్ల మీద అదే మార్పు లేన్‌ని నెమ్మదించేలా చెయ్యగలదు, అక్కడ టోల్ లేన్ స్పీడ్‌తో పాటు దాని పక్క లేన్ స్పీడ్ కూడా అదే గంటకి పక్కన పెట్టి చూడాలి, పక్క లేన్ పడిపోతున్న ముక్కల్లో, ముఖ్యంగా ర్యాంపులు దగ్గర దగ్గరగా ఉన్న చోట్ల, జంట గీతలు వేసి మూసెయ్యాలి. పెయింట్ పని కాబట్టి ఖర్చూ పెద్దగా ఉండదు, సరిపడకపోతే చెరిపేసి ఇంకోలా గీసుకోవచ్చు.